తెప్పల దీవిలో గవ్వలపేట

వెన్నెల 2

తెప్పల దీవిలో కాపురమున్న మనుషులకు, బాతులకు, దారి తప్పి వాలిన కొంగలకు సగౌరవంగా ప్రకటించడమైనది: నిన్న మిట్టమధ్యాహ్నం రాణి అనే మేక గుమాస్తా గారి చెవి తినేసింది. మేక ఆరోగ్యం నిలకడగా ఉంది. గుమాస్తా గారికి మాత్రం ఏమీ వినపడడం లేదు. సంతాప సూచకంగా ఈ పూట మేకకు గడ్డి తగ్గించబడును. ఇట్లు, పోలయ్య, దీవి సాక్షి.

ఇదంతా గట్టిగా చదివి వినిపిస్తే ఎండుచేపలు తిరగేస్తున్న ఆడవాళ్లలో ఒక్కరూ తల ఎత్తలేదు. వాళ్లలో కడుపుతో ఉన్న కగోయ మాత్రం పొట్ట మీద చెయ్యి వేసుకుని నడుం నిటారుగా చేసి, "సదివింది సాల్లే మావా, ఆ కాకిని తోలు" అంది.

గుమాస్తా అంటే మనిషి కాదు. రేకు కప్పు కింద కూర్చున్న పెట్టె. నా నడుమెత్తు ఉంటుంది. ఎండ తిని బతుకుతుంది. నోరుంది, మొన్నటిదాకా చెవి కూడా ఉండేది. వేలు పెడితే చుక్క నెత్తురు తీసుకుని, ఒంట్లో హెచ్‌ఐవి ఉందో లేదో, ఉంటే నిద్రలో ఉందో లేచిందో చెబుతుంది. ఉన్నవాళ్లకి బియ్యపుగింజంత మందు మోచేతికి పైన చర్మం కింద దింపుతుంది. ఒక్క గింజ ఆరు నెలలు. గింజ పని చేసినన్నాళ్లూ ఆ పురుగు లేవదు, పక్కవాళ్లకి పాకదు, కడుపులో బిడ్డని ముట్టుకోదు. నా ఎడమ చేతిలోనూ ఒకటుంది. పాతికేళ్ల వయసు, ఓడరేవు, జేబులో జీతం. మిగతా కథ మీరే అల్లుకోండి.

కాకినాడ దగ్గర గవ్వలపేటలో పుట్టినవాణ్ని. పడవ ఇంజన్లు బాగు చేస్తానని ఆఫ్రికా నడిబొడ్డున ఉన్న ఈ సరస్సుకి వచ్చి ఇరవై ఏళ్లయింది. సరస్సు పొంగి ఒడ్డు ఊళ్లని మింగినప్పుడు, ఇంకెక్కడా చోటు దొరకనివాళ్లంతా డ్రమ్ములకి జమ్ము కట్టలు కట్టి, తెప్పకి తెప్ప ముడివేసి ఈ ఊరు చేసుకున్నారు. గాలి ఎటు తోస్తే ఊరు అటు జరుగుతుంది. పొద్దున లేచి సూర్యుడు ఏ వైపు ఉన్నాడో చూసుకుంటే గానీ మన గుమ్మం ఎటుందో తెలీదు.

నా ఉద్యోగం సాక్షి. గుమాస్తాకి దుమ్ము తుడవాలి, పిట్టలు రెట్ట వేయకుండా చూడాలి, ఎవరైనా వేలు పెట్టినప్పుడు "అవును, ఈ మనిషి ఫలానా" అని పలకాలి. నా మాటే దానికి ఆధారం. ఐదో తరగతిలో బడి మానేసినవాడి మాట మీద సర్కారు యంత్రం నడుస్తోందంటే తప్పు నాది కాదు.

తారీఖులు అడక్కండి. ఇక్కడ లెక్క చందమామది. చీకటి రోజుల్లో దీపాలు పెట్టి వెండి చేపలు పడతారు. మా నెత్తళ్లకి పినతల్లి బిడ్డల్లా ఉంటాయవి. వెన్నెల ముదిరితే చేప దీపానికి రాదు. అప్పుడు మగవాళ్లు గేలాలు పట్టుకుని దూరపు లంకలకి పోతారు, ఆడవాళ్లు ఎండుచేపల బుట్టలెత్తుకుని సంతలకి పోతారు. పున్నమినాటికి దీవిలో ఉండేది ముసలివాళ్లు, నేను, రాణి.

ఇంకొక్క మాట. వీళ్లు మాట్లాడేది సరస్సు భాష. నేను రాసేటప్పుడు అందరి చేతా గవ్వలపేట తెలుగే మాట్లాడిస్తాను. నాకొచ్చింది అదొక్కటే.

వెన్నెల 4

మేక సంగతి అంత సంబరంగా ప్రకటించి, అసలు సంగతి దాచాను. చెవి పోయే ముందు గుమాస్తా గారు పెద్ద గొంతుతో ఇలా అన్నారు:

"అభినందనలు. బుల్లెమ్మ, వయసు యాభై ఎనిమిది, గర్భవతి. ఈ విశేషం ఒడ్డుకు తెలియజేయబడినది."

బుల్లెమ్మ కథ తెలియాలంటే ఎనిమిదేళ్లు వెనక్కి పోవాలి. అప్పట్లో నమతోవు అక్క ఉండేది. దీవికంతటికీ నర్సు ఆవిడే. లావుపాటి మనిషి. తెప్ప మీద కాలు పెడితే అవతలి కొసన పడుకున్నవాడు లేచి కూర్చునేవాడు. చేతిలో ఒక గంట ఉండేది. గంట మోగిస్తే పిల్లలు పారిపోయేవారు, పెద్దలు వరసలో నిలబడేవారు. సూది గుచ్చే ముందు ఏదో ఒకటి తిట్టేది. తిట్టుకి ఉక్రోషపడి నోరు తెరిచేలోపు సూది దిగిపోయేది.

ఆ రోజుల్లో గుమాస్తా కొత్త. పొద్దు గూకేలోపు పదిసార్లు "ఇంట్లో కొత్త సభ్యులు చేరినారా?" అని అడిగేది. విసుగెత్తి ఒకరోజు "చేరేరు. మా అత్తగారు చిలకమ్మ. డెబ్బై ఏళ్లు. ముక్కుపొడుం అలవాటు" అన్నాను. దానికి నవ్వు తెలీదు. "నమోదైనది" అంది. తర్వాతి పడవలో మా అత్తగారి పేరు మీద ముందుజాగ్రత్తగా ఒక గింజ దిగింది.

అక్క నన్ను దీవి చుట్టూ తరిమింది. "మందుతో పరాసికాలా? తిరిగి పంపించేస్తాను, నీ మీద ఉత్తరం రాసేస్తాను" అంది. సరిగ్గా ఆ వారమే వండేరా వచ్చాడు. ఆరడుగుల మనిషి, జ్వరంతో కొయ్యబారి పడవలో పడి ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు. అతను ఇంకో మగవాడితో కాపురం ఉంటాడు. ఒడ్డు చట్టం ప్రకారం అలాంటివాళ్లకి జైలు. జాబితాలో పేరెక్కితే ఆ జాబితా ఎవరి చేతిలో పడుతుందో ఎవరికి తెలుసు?

అక్క అతని వైపు చూసింది. గింజ వైపు చూసింది. చాలాసేపటికి నా వైపు చూసింది.

"పోలా, మీ అత్తని చెయ్యి చాపమను" అంది.

ఆ నాటి నుంచి వండేరా చిలకమ్మ అయ్యాడు. వలలు లాగే చేతులతో, గెడ్డంతో, మా అత్త అయ్యాడు. ఎనిమిదేళ్లుగా పొద్దున్నే "అత్తా, దండాలు" అంటాను. "పళ్లు రాలతాయి అల్లుడా" అంటాడు.

ఒక్కరితో ఆగలేదు. సరిహద్దు దాటి కాగితాల్లేకుండా వచ్చినవాళ్లు, ఒడ్డు మీద ఒళ్లమ్ముకుంటారని తరిమేసినవాళ్లు, ఎవరికీ చెప్పుకోలేనివాళ్లు. ఒక్కొక్కరికీ ఒక్కో పేరు కావాల్సి వచ్చింది. పేర్లు కల్పించడానికి నేనేమైనా చదువుకున్నానా? తెలిసినవే చెప్పాను. మా వీధి చివర పుల్లట్లు పోసే బుల్లెమ్మ. నన్ను బడి నుంచి గెంటిన అప్పన్న మేష్టారు. ఇదే జబ్బు వచ్చిందని ఊరంతా కంచం వేరు పెట్టిన లారీ క్లీనర్ సింహాలు. గవ్వలపేట సముద్రంలో కలిసి పాతికేళ్లయింది. ఇప్పుడు ఆ వీధి గుమాస్తా పొట్టలో ఉంది, పదకొండు గడపలు.

కగోయ మూడేళ్ల క్రితం వచ్చింది. చేప కావాలంటే పడవ యజమాని పక్కన పడుకోవాలన్న రేవు నుంచి పారిపోయి వచ్చింది. అప్పుడు మిగిలిన పేరు బుల్లెమ్మ. యాభై అయిదేళ్లని చెప్పాను. కగోయకి ఇరవై మూడు. ఈ పిల్ల కడుపుతో ఉంటుందని, యంత్రానికి వయసు లెక్క వస్తుందని నా బుర్రకి తట్టలేదు.

వెన్నెల 7

ఒడ్డు నుంచి తాఖీదు వచ్చింది. గుమాస్తా నోరు బాగానే ఉంది కదా, మొత్తం చదివింది.

సరస్సులో జబ్బు దాదాపు అంతమైందట. మిగిలిన పేర్లన్నిటినీ ఒక అధికారి ముఖాముఖి చూస్తారట. పున్నమినాడు వస్తారట. కనపడని పేర్లు పది దాటితే సాక్షి మాట చెల్లదట, గుమాస్తాని ఒడ్డుకి తీసుకుపోతారట. ఆపైన గింజ కావలసినవాళ్లు ఒడ్డు ఆసుపత్రికి కాగితాలతో రావాలట.

ఎండుచేపల పందిరి కింద ముగ్గురం కూర్చున్నాం. కగోయ, వండేరా, నేను.

"పున్నమికా?" అన్నాడు వండేరా. "అప్పుడు దీవిలో ఎవుడుంటాడు?"

"వేట లేని రోజు గదా, అందరూ ఇళ్ల కాడుంటారని వాళ్ల తెలివి" అన్నాను. ఒడ్డు మనిషికి వేట లేకపోతే సెలవు. మాకు వేట లేకపోతే వేరే వేట.

సాక్షినైన నన్ను వదిలేస్తే, జాబితాలో దీవి పేర్లు యాభై మూడు. పదకొండు గవ్వలపేటవి. మిగతా నలభై రెండూ నిజమైనవే, కానీ పున్నమికి ముప్పైకి పైగా నీళ్ల మీదుంటాయి. పది దాటడానికి దొంగపేర్లు కూడా అక్కర్లేదు.

"ఒడ్డుకెల్తే నన్ను లోపలేస్తారు" అన్నాడు వండేరా మామూలుగా. గాలి మారిందని చెప్పినట్టు.

"నన్ను సరిహద్దు దాటించేస్తారు" అంది కగోయ. వేళ్ల మీద లెక్కపెట్టి, "నా గింజ పున్నమి తరవాత మూడో రోజుకి అయిపోద్ది. బిడ్డ నెల రోజుల్లో వస్తాది" అంది.

రాణి వచ్చి బుట్ట అంచు నమిలింది.

వెన్నెల 10

నా పథకం అద్భుతంగా ఉందని నేను ఒక్కణ్నే అనుకున్నాను. దీవిలో మిగిలే ముసలివాళ్లు పన్నెండు మంది. ఒక్కొక్కరికీ నాలుగేసి వేషాలు. ముందు వైపు వచ్చి పేరు చెప్పి, వెనక వైపు నుంచి వెళ్లి, తలపాగా మార్చుకుని మళ్లీ రావడం. నేను జమ్ము పీచుతో కొప్పు పెట్టుకుని చిలకమ్మగా నడిచి చూపించాను. ముసలివాళ్లు పడీ పడీ నవ్వారు. ఒకాయనకి పొలమారి వీపు మీద గుద్దాల్సి వచ్చింది.

కగోయ నవ్వలేదు.

"నేను రాను" అంది.

"రాకపోతే ఎలాగే? బుల్లెమ్మ అంటే ఒక పేరమ్మా, నీ సొత్తేటి పోద్ది?"

"మూడేళ్లు ఆ పేరుతో బతికేను. కాదన్నానా? మందు కోసం చాపింది నా చెయ్యే. కానీ ఇది పుడతాది. గుమాస్తా అడుగుద్ది, తల్లి పేరేటని. పుల్లట్లమ్మే ముసిల్దాని పేరు సెప్పాలా? నా కడుపున పుట్టిందాన్ని మీ ఊరి సచ్చినోళ్ల కాతాలో రాస్తావా మావా?"

నాకు కోపం వచ్చింది. "ఆ సచ్చినోళ్లే నిన్ను బతికించేరు" అన్నాను.

"తెలుసు" అంది నెమ్మదిగా. "అందుకే ఆళ్ల చేత ఇంకా అబద్ధం ఆడించకు."

కొప్పు తీసి పక్కన పెట్టాను. బుల్లెమ్మ గుర్తొచ్చింది. పెనం మీద అట్టు వేసి, అంచులు లేచేదాకా నన్ను కబుర్లు చెప్పమనేది. కబురు బాగుంటే మొదటి అట్టు నాకు. బాగాలేకపోతే మాడింది. అబద్ధమైనా సరే, బాగుంటే చాలు. గవ్వలపేటలో నా కబుర్లు పూర్తిగా విన్నది ఆవిడొక్కతే. సముద్రం మొదట మింగింది ఆవిడ పొయ్యినే. మర్నాడు ఇసకలో పెనం ఒక్కటీ బోర్లా తేలింది. పెనం తీసుకుని, ఎక్కడ పెట్టాలో తెలీక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టుకు తిరిగాను.

మగవాళ్లు పడవలు కట్టుకుంటున్నారు. ఎల్లుండికి ఖాళీ.

వాళ్లని పున్నమికి వెనక్కి రప్పించేది ఈ సరస్సు మీద ఒక్కటే ఉంది. చావు.

ఎవరైనా పోతే చావు బూర ఊదుతారు. ఒక లంకలో వింటే అక్కడివాళ్లు ఊది పక్క లంకకి అందిస్తారు. వెన్నెలైనా, చీకటైనా, వల సగంలో ఉన్నా వదిలేసి రావాల్సిందే. శవం మీద తడి వల కప్పుతారు. ఒక్కొక్కరూ వచ్చి, వల మీద చెయ్యి వేసి, సొంత పేరు గట్టిగా చెప్పాలి. చెప్పకపోతే చచ్చినవాడు ఆ పేరు తనతోపాటు నీళ్లలోకి పట్టుకుపోతాడని వీళ్ల నమ్మకం.

అంటే నలభై రెండు మందీ వస్తారు, నలభై రెండు పేర్లూ వాళ్లే చెబుతారు. అధికారి చూస్తాడు. ఇక మిగిలేది పదకొండు. ఒక్కటి తగ్గితే పది. పది దాటకూడదన్నారు గానీ పది ఉండకూడదనలేదు. ఆ ఒక్కటీ చిలకమ్మ. కొప్పు నా దగ్గరే ఉంది, ముసలామె ఒకరు ఒప్పుకున్నారు. గవ్వలపేట పదకొండుగురినీ ఆ పూట జమ్ములో దాక్కోమన్నాను. గింజల సంగతి తర్వాత గుమాస్తాతో నేను చూసుకుంటాను.

దొంగ చావు సంగతి మాత్రం కగోయకి ఒక్కదానికే చెప్పాను.

"ఎవురు సచ్చిపోతారు?" అంది.

"ఇరవయ్యేళ్లుగా మీరందరూ కోరుకుంటున్నవాడే."

పున్నమి

నిన్న సాయంత్రం నేను పరమపదించాను. బూర కగోయ ఊదింది. నిండు గర్భిణి అంత ఊపిరి ఎక్కడ దాచుకుందో తెలీదు.

ఈ ఉదయం అధికారి పడవ వచ్చింది. పేరు లుబేగ. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. బూట్లు తెప్ప మీద కిర్రుమన్నాయి. వల కింద పడుకున్న నాకు కనిపించినవి ఆ బూట్లే. ఎప్పుడో దీవి జనానికి మా దేశంలో పెద్ద అధికారుల్ని బావా అంటారని నేర్పాను. అది నా పాత పాపం. అందరూ ఎంతో మర్యాదగా "రండి బావా", "కూకోండి బావా", "దాహం తీసుకోండి బావా" అన్నారు. వల కింద నాకు నవ్వాగక చచ్చేచావు వచ్చింది.

లుబేగ వచ్చీ రాగానే చేసిన పని గుమాస్తాకి కొత్త చెవి బిగించడం. సంచిలోంచి తీసి, టకటకా పెట్టేశాడు. నేను దీన్ని లెక్కలోకి తీసుకోలేదు. అయినా పర్లేదు, నలభై రెండూ నిజం పేర్లే కదా అనుకున్నాను.

జనం వరస కట్టారు. తడి చేతులు ఒక్కొక్కటీ నా గుండె మీద పడ్డాయి. ఒక్కొక్క పేరూ పలికి, "నా పేరు నాకొదిలేసి సల్లగా ఎల్లు పోలా" అన్నారు. ఇంజను బాగు చేయించుకుని చేప ఇస్తానని ఎగ్గొట్టినవాడు ఏడ్చాడు. నన్ను దూషించని రోజు లేని ముసల్ది ఏడ్చింది. ప్రతి పేరుకీ గుమాస్తా "సరిపోలినది" అంది. నలభై రెండో మనిషి చెయ్యి తీశాక అది తనంతట తానే ఇంకో మాట అంది.

"నలభై రెండు సాక్ష్యముల మేరకు, సాక్షి పోలయ్య మరణము నమోదైనది."

ఇది కూడా లెక్కలో లేదు. అయినా ఫర్వాలేదనుకున్నాను. అప్పుడు తెప్ప కుంగింది. బరువైన అడుగులు. ఆ అడుగులు నాకు తెలుసు.

పదకొండుగురూ జమ్ములోంచి వచ్చేశారు. ముందు వండేరా. దాక్కోమని చెప్పింది నేనే, కానీ చచ్చినవాడి మాట ఎవడు వింటాడు? వాళ్లు నన్ను కడసారి చూడకుండా ఉండగలరనుకున్నాను. నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద తప్పుడు అంచనా అదే.

వండేరా మోకాళ్ల మీద కూలబడ్డాడు. చేట అంత చెయ్యి నా గుండె మీద పెట్టాడు. "అల్లుడా" అన్నాడు. వెనకాల అధికారి. పక్కన చెవిగల గుమాస్తా. నోరు తెరిచి సొంత పేరు చెప్పబోయాడు. చావు దగ్గర అబద్ధం పేరు చెప్పడు. చెబితే అసలు పేరు నాతో పోతుంది కదా.

నేను లేచి కూర్చున్నాను.

ఆ తర్వాత జరిగింది వివరంగా రాయలేను. ముగ్గురు నీళ్లలో పడ్డారు. ముసల్ది నన్ను చేపల బుట్టతో కొట్టింది. రాణి ఎటో పోయింది. వండేరా ఒక్కడే కదల్లేదు. నా వైపు చూసి, చాచి ఒక లెంపకాయ కొట్టి, వెంటనే కౌగిలించుకున్నాడు. పక్కటెముక ఇంకా నొప్పిగానే ఉంది.

నేను గుమాస్తా దగ్గరికి పరిగెత్తాను. "తప్పు నాది. దొంగపేర్లు నేనిచ్చినవి. ఆళ్లకి సంబంధం లేదు, నన్ను రాసుకో" అన్నాను.

"మృతుల వాంగ్మూలము స్వీకరించబడదు" అంది.

"నేను బతికే ఉన్నానే!"

"మీ మరణమునకు చింతిస్తున్నాము."

ఎవరూ నవ్వలేదు. లుబేగ కాగితం తీశాడు. "ఇంకా పదకొండు పేర్లు మిగిలాయి" అన్నాడు. "చిలకమ్మ ఎవరు? బుల్లెమ్మ ఎవరు?"

ముసలామెకి ఇచ్చిన కొప్పు నీళ్లలో తేలుతోంది.

కగోయ ముందుకొచ్చింది. పొట్ట మీద ఒక చెయ్యి, నడుం మీద ఒక చెయ్యి.

"బుల్లెమ్మని నేనే బావా" అంది. "కానీ నా పేరది కాదు. నాకు కాగితాలు లేవు. కడుపులో బిడ్డుంది, చేతిలో గింజ మూడు రోజుల్లో అయిపోద్ది. మీరు పెట్టెని పట్టుకుపోతే, ఈ బిడ్డకి జబ్బిచ్చింది నేను కాదు, మీరు. నా పేరు..."

"ఆగు" అన్నాడు లుబేగ.

గుమాస్తా దగ్గరికి వెళ్లాడు. జేబులోంచి చాకు తీశాడు. తానే గంట క్రితం బిగించిన చెవిని పీకి, అటూ ఇటూ చూసి, తిరిగొచ్చిన రాణి ముందు పడేశాడు. మేక వాసన చూసి మొహం తిప్పుకుంది.

"మీ మేకకి అలవాటేనన్నారుగా. మళ్లీ తినేసిందని రాస్తాను" అన్నాడు. తర్వాత కగోయ వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పమ్మా. అది వినదు. నేను వింటాను."

చెప్పింది. తర్వాత వండేరా చెప్పాడు. తర్వాత అతనితో ఉండే మనిషి. పదకొండుగురూ, ఒకరి తర్వాత ఒకరు, ఖాళీ వల మీద చెయ్యి వేసి చెప్పారు. చాలామందికి సొంత పేరు అంత గట్టిగా పలికి ఏళ్లయింది. ఒకామె రెండుసార్లు చెప్పింది.

లుబేగ ఒక్క పేరూ రాసుకోలేదు. జాబితాలో గవ్వలపేట పేర్ల పక్కన పదకొండు టిక్కులు కొట్టాడు. "పదకొండుమంది మనుషుల్ని ముఖాముఖి చూశాను. నాకు చెప్పింది చూడమనే" అన్నాడు. పడవెక్కుతూ ఆగాడు. "బావా అంటే ఏమిటి?"

"పెద్ద అధికారి అండి" అన్నాను.

"మా అమ్మమ్మ కూడా ఈ సరస్సు మీదే పోయింది" అన్నాడు, దానికీ దీనికీ సంబంధం లేకుండా. "గింజ లేని రోజుల్లో."

చీకటి 3

నేను పోయాను గనక కొత్త సాక్షి కావాలి. దీవి అంతా కలిసి కగోయని పెట్టింది, గుమాస్తా లెక్కలో బుల్లెమ్మగానే. ఇప్పుడు దుమ్ము తుడిచేది, పిట్టల్ని తోలేది ఆమె. నాలుగు మాటలు గుమాస్తాకి వినపడాలి కాబట్టి చెవిని నేనే మళ్లీ తగిలించాను. గవ్వలపేట వాళ్లందరికీ గింజలు దిగాయి. కగోయకి మొదట, బుల్లెమ్మ పేరు మీద. "ఇదే ఆఖరుసారి" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. నా గింజ కూడా వచ్చే నెలతో సరి. చచ్చినవాడికి గింజ రాదు.

కగోయ నా వైపు చూసింది. ఆ మొహం నేను ఇంతకుముందు ఒకసారి చూశాను, నమతోవు అక్క మీద. తర్వాత గుమాస్తా వైపు తిరిగి, గొంతు సవరించుకుంది.

"కొత్త సభ్యులు చేరినారా?" అంది గుమాస్తా.

"చేరేరు. నా అత్త. పేరు నకిర్య. డెబ్బై రెండేళ్లు. వినికిడి తక్కువ, వాగుడెక్కువ."

"నమోదైనది."

నకిర్య ఎవరని అడిగాను. వాళ్ల నాయనమ్మట. మునిగిపోయిన ఒక లంకలో జొన్న కల్లు కాచేదట. కబుర్లు బాగుంటే మొదటి ముంత ఉచితంగా ఇచ్చేదట.

వండేరా దూరం నుంచే అరిచాడు: "అత్తా, దండాలు!"

పళ్లు రాలతాయన్నాను.

అమావాస్య

పాప పుట్టింది. మధ్యాహ్నం, ఎండుచేపల పందిరి కింద. నమతోవు అక్క గంట ఇంకా ఉంది మా దగ్గర. వండేరా దాన్ని మోగించాడు. పిల్లలు పారిపోలేదు. ఎందుకు పారిపోవాలో వీళ్లకి తెలీదు. గుమాస్తా పాప మడమ నుంచి చుక్క తీసుకుంది. అది చెప్పే లోపు దీవి అంతా పెట్టె చుట్టూ మూగింది.

"లేదు" అంది. ఆ పెట్టె ఇన్నేళ్లలో అంత చిన్న మాట ఎప్పుడూ అనలేదు.

ఇక నిజాలు చెప్పి ముగిస్తాను. బుల్లెమ్మ వినకపోయినా, అట్టు మాడనివ్వకూడదు.

మేక చెవి తినలేదు. యాభై ఎనిమిదేళ్ల గర్భం గురించి గుమాస్తా మూడుసార్లు అడిగితే జవాబు లేక నేనే పీకాను. రాణి పేరు పాడు చేసినందుకు క్షమాపణలు, గడ్డి రెట్టింపు. వేషాల రిహార్సలు జరగనే లేదు, కొప్పుతో నేనొక్కణ్నే అద్దం ముందు నడిచాను, నవ్వింది కూడా నేనే. ముసల్ది కొట్టింది బుట్టతో కాదు, తెడ్డుతో. అధికారి అమ్మమ్మ మాట నేను కల్పించాను. అతను ఎందుకలా చేశాడో ఏమీ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఒక మనిషి ఊరికే మంచివాడంటే నేను నమ్మలేక ఒక అమ్మమ్మని ఇచ్చాను.

కగోయ పేరు కగోయ కాదు. వండేరా వండేరా కాదు. లుబేగ లుబేగ కాదు, ఈ సరస్సు ఉన్న చోటూ నేను చెప్పిన చోటు కాదు. గవ్వలపేట పేర్లు మాత్రం అచ్చంగా ఉన్నవే. చిలకమ్మ నాకు అత్త కాదు, నేను పెళ్లే చేసుకోలేదు. ఎదురింట్లో ఉండేది. నిజంగానే ముక్కుపొడుం పీల్చేది.

పాప పుట్టింది, ఒంట్లో జబ్బు లేదు, ఈ రెండూ నిజం. గుమాస్తా తల్లి పేరు అడిగింది, కగోయ సొంత పేరు చెప్పింది, అది కూడా నిజం. కాగితాలు లేనిదాని పేరు మొదటిసారి సర్కారు పెట్టెలోకి ఎక్కింది. రేపు ఏమవుతుందో తెలీదు. నేను వద్దన్నాను, వినలేదు. తర్వాత బిడ్డ పేరు అడిగింది. అదీ చెప్పింది.

ఆ పేరు నేను కల్పించింది కాదు, మా ఊరిది కాదు, మునిగిపోయిన ఏ ఊరిదీ కాదు. అందుకే ఇక్కడ రాయడం లేదు.